హైమావతి పాత చీరలు

అమెరికాలోని అరోరా ఊళ్లో పెళ్లికాని గర్భిణులకు నీడనిచ్చే ఆ ఇంట్లో హైమావతి వంటమనిషి. పంతొమ్మిదివందల ఎనభై మూడు చలికాలంలో చేరింది. నేతచీర మీద భర్త స్వెట్టరు, కాళ్లకి మంచు బూట్లు, చేతిలో గరిటె. ఆ వేషంలోనే వంటింట్లో గిరగిరా తిరిగేస్తుంటుంది. కొత్తగా ఏ పిల్ల వచ్చినా ముందు కంచం పెట్టి, తర్వాత పేరు అడుగుతుంది. బిడ్డ తండ్రెవరని మాత్రం చచ్చినా అడగదు. బాలింతలకి వెల్లుల్లి చారు పోసి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నడుం మీద చెయ్యేసుకుని ఎదురుగా నిలబడుతుంది.

ఆవిడ చేరాక ఆ ఇంటి పిల్లల్లో మొదట కన్నది ట్రేసీ. పందొమ్మిదేళ్ల పిల్ల, కన్నవాళ్లు గుమ్మం తొక్కొద్దన్నారు. కొడుకుని ఎత్తుకుని ఆస్పత్రినుంచి వచ్చేసరికి, మంచం మీద హైమావతి పాత చీర చింపి, ఉతికి మడతపెట్టిన గుడ్డలున్నాయి. ట్రేసీ మొహం ఎర్రబడింది.

“మొగుడు లేనిదాని బిడ్డకి పీలికలు చాలనా?” అంది.

హైమావతి నాలుక్కరుచుకుంది. “అయ్యో పిచ్చిపిల్లా! మా ఇళ్లలో పుట్టగానే కొత్తబట్ట వెయ్యం. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ చీరలోనే చుడతాం. మీ అమ్మ రాలేదు కదా, అందుకే నాది చింపాను,” అంది తనకొచ్చిన ఇంగ్లీషులో.

ట్రేసీ గుడ్డని చెంపకి ఆనించి చూసుకుంది. అందులోనే బిడ్డని చుట్టింది.

మరుసటేడు భర్త చలపతిరావు బట్టల క్లాజెట్ తెరిచి, “నీ చీరలన్నీ ఏవే?” అనడిగాడు.

“మనవలకి సరిపోయాయండీ,” అంది హైమావతి.

వాళ్ల పిల్లలు ముగ్గురూ ఇంకా స్కూలుకే వెళ్తున్నారు.