సత్తిబాబు పటికరాయి

గిలకలదిండి హార్బరుకు వెళ్ళే రోడ్డులో సత్తిబాబు సెలూనుంది. పదేళ్ళుగా నా గెడ్డం అక్కడే. అతని చెయ్యి చాలా తేలిక, నోరు మాత్రం కాస్త ఎక్కువ. కొత్త బ్లేడును కాగితంలోంచి తీసి కస్టమరు కళ్ళముందు ఊపందే పని మొదలుపెట్టడు. కిందటేడు సెలూనువాళ్ళకిచ్చిన ఆరోగ్య శిక్షణకు వెళ్ళి, ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి అద్దంపైన తగిలించాడు. రక్తం ద్వారా వచ్చే జబ్బుల గురించి డాక్టరైనా అంతసేపు చెప్పడు. నేను వింటూ తలాడించేవాణ్ణి, మెడ మీద కత్తి లేనప్పుడు.

ఆ ఆదివారం నా బుగ్గ మీద చిన్న గాటు పడింది. సత్తిబాబు అలవాటుగా పటికరాయి తడిపి రుద్దాడు. అప్పుడే సుబ్బరత్నమ్మ వచ్చింది. ఆమె హార్బరులో చేపలమ్ముతుంది. కొడుకు శివకు బుధవారం పెళ్ళి. పెళ్ళికొడుకును చేసే వేళ చెప్పిపోదామని వచ్చింది. శివ తండ్రికీ తాతకూ పెళ్ళి గెడ్డం గీసింది సత్తిబాబు ఇంటివాళ్ళే. శివ పుట్టువెంట్రుకలు తీసింది సత్తిబాబే. ఆ బుధవారం కోసం సత్తిబాబు నెలరోజులుగా వేళ్ళమీద లెక్కపెడుతున్నాడు.

“ఆ రాయి ఇందాక ఎవరికి రుద్దావు?” అందామె.

“పొద్దుట్నుంచి అందరికీ ఇదేనక్కా. మా నాన్న దగ్గర్నుంచీ ఇంతే.”

“అందరి నెత్తురూ తుడిచిన రాయా! మరి బ్లేడు మార్చి ఏం లాభం?”

నా చెయ్యి దానంతటదే బుగ్గ మీదికి పోయింది. పదేళ్ళుగా నాకెందుకు తట్టలేదో!

“పాతికేళ్ళ సర్వీసు నాది. ఒక్కడికైనా జ్వరమొచ్చిందా?” అని ఎగిరాడు సత్తిబాబు.

“నెత్తురుతో వచ్చే జబ్బు ఎన్నేళ్ళకో బయటపడుద్దంట. నీ కొట్టు అడ్రసు చెప్పి వస్తుందా? నా కొడుక్కి వేరేవాళ్ళని పిలుచుకుంటాను,” అని వెళ్ళిపోయింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం సత్తిబాబు. మర్నాడు రాయిని రుమాల్లో చుట్టుకుని, నన్ను సాక్షిగా వెంటబెట్టుకుని, శిక్షణ ఇచ్చిన నర్సు వాణి దగ్గరికి వెళ్ళాడు.

“ఆవిడే రైటండీ,” అంది వాణి, జరిగిందంతా విని. “హెపటైటిస్ బి వైరస్ ఆరిన రక్తంలో కూడా వారం దాకా బతుకుతుంది. పటిక పొడి చేసుకోండి. ఒక్కొక్కరికీ కొత్త దూదితో అద్ది పారేయండి. ఆ రోజే చెప్పాను కదండీ?”

“మీరు చెప్తుంటే, ఇవన్నీ నాకు తెలుసులే అని సర్టిఫికెట్టు వంక చూస్తూ కూచున్నానండి,” అన్నాడు సత్తిబాబు.

వాణి మా ఇద్దరికీ పరీక్ష చేయించింది. ఏమీ లేదని తేలింది. టీకా మొదటి డోసు వేయించుకుని బయటపడ్డాం. ఆ ఆనందంలో అతనికి టీతోపాటు పునుగులు కూడా తినిపించాను.

మంగళవారం చేపల వేలంపాట మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు సత్తిబాబు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది అతని కస్టమర్లే.

“అక్కా, తప్పు నాదే. ఇన్నేళ్ళూ ఒకే రాయి అందరికీ రుద్దాను. మీరందరూ ఒకసారి టెస్టు చేయించుకోండి. శివకి మాత్రం నన్ను గియ్యనివ్వు.”

పాట ఆగిపోయింది. అంతమందిలో తప్పు ఒప్పుకోవడం నావల్ల అయ్యే పని కాదు. అతణ్ణి చూస్తే నాకు గర్వంగా అనిపించింది. సుబ్బరత్నమ్మ చేతిలో చేప కింద పెట్టి, “ఏడింటికి రా. లేటు చెయ్యకు,” అంది.

బుధవారం పందిట్లో శివ గెడ్డం నున్నగా గీశాడు. తర్వాత ఆనవాయితీ ప్రకారం తోడి పెళ్ళికొడుకు బుగ్గకు కత్తి తాకించాలి. సత్తిబాబు బ్లేడు తీసి డబ్బాలో పడేసేసరికి శివ తాత పోలయ్య గర్జించాడు.

“ఏంట్రా అది? ఇద్దరికీ ఒకటే కత్తి పడాలి! మీ తాత నాకు అట్టాగే చేశాడు. చెయ్యనంటే లేచిపో!”

నిన్ననే దక్కిన పని ఇవాళ చెయ్యిజారేలా ఉంది. సత్తిబాబు ముఖం చూసి, లొంగిపోతాడేమోనని భయమేసింది నాకు.

“కత్తి అదే తాతా,” అన్నాడు, పిడిని స్పిరిటుతో తుడుస్తూ. “బ్లేడు మాత్రం ఎవరిది వాళ్ళకే. ఒప్పుకోకపోతే లేస్తాను గానీ, పాతది పెట్టను.”

సుబ్బరత్నమ్మ వచ్చి సత్తిబాబు పక్కన నిలబడింది. పోలయ్య కోడలి ముఖమూ, సత్తిబాబు కాగితంలోంచి తీసిన కొత్త బ్లేడూ మార్చి మార్చి చూశాడు. తర్వాత తన తెల్ల గెడ్డం నిమురుకున్నాడు.

“సరే, వాడికి తాకించెయ్యి. ఆ తర్వాతి బ్లేడు విప్పి ఉంచు,” అని శివను పీట మీంచి లేపి, తానే కూర్చున్నాడు.