‘లేదు’ అని నొక్కే ముందు

బుధవారం పొద్దున పది దాటింది. గద్వాలలో నేను పనిచేసే దవాఖానలో, కౌంటర్ దగ్గర కూర్చుని రోగుల పేర్లు కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్ద సిస్టరమ్మ కూతురు. “అమ్మ పోయింది అక్కా, తెల్లారి. ఈడ దవాఖానలనే” అంది. కౌంటర్ ముందు నిలబడ్డ ముసలాయన “ఏమైంది బేటీ?” అని అడిగితే చెప్పాను. “యా అల్లా, నా మోకాలికి కట్టు గట్టింది ఆమెనే” అంటూ బెంచీ మీద కూలబడ్డాడు. వరుసలో ఎవరూ నన్ను తొందరపెట్టలేదు.

ఆమెను అందరం పెద్ద సిస్టరమ్మ అనే పిలిచేవాళ్లం. మా దవాఖానలో నర్సుగా చేరి, తెల్లజుట్టు వచ్చేదాకా ఇక్కడే పనిచేసింది. ఆమె జేబులో ఎప్పుడూ రెండు ఉండేవి: తెల్ల ప్లాస్టర్ చుట్ట, బాల్‌పెన్ను. ఏది చెప్పాలన్నా ఒక ముక్క చింపి, దాని మీద రాసి, ఎక్కడ చెప్పాలో అక్కడ అంటించేది. ఫ్యాన్ స్విచ్చు పక్కన “మూడు మీద పెట్టొద్దు, ఊగుతది” అని ఉంటుంది, ఇప్పటికీ. వేరే ఊరి దవాఖానకు పంపే రోగి మణికట్టు మీద కూడా ముక్క అంటించి, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో రాసేది. కాగితాలు బస్సులో పోతాయి, ఆటోలో పోతాయి, చెయ్యి మాత్రం ఎక్కడికీ పోదు అని ఆమె లెక్క. చదువుకున్నదాన్ని కదా, నాకు అది పాతకాలపు చాదస్తంలా తోచేది.

కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతా నర్సులు దూరం దూరం జరిగారు. ఆమె మాత్రం వార్డులోంచి స్టూలు లాక్కొచ్చి నా పక్కన వేసుకుంది.

“గిదేంది బిడ్డా?”

“సేవ్ సిస్టరమ్మా. ఇది నొక్కితే భద్రంగుంటది.”

“భద్రంగ ఏడుంటది?”

“సర్వర్ల.”

“అదేడున్నది?”

“నాకు తెల్వదు సిస్టరమ్మా.”

ఆమె ముఖం వెలిగిపోయింది. “తెల్వదన్నవు చూడు, అది మంచిగున్నది. తెల్వనోళ్లు తెల్వదంటే దవాఖానల సగం పరేషాన్ తక్కువైతది” అంది. ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. డాక్టర్లకు కూడా చెప్పేది, కాకపోతే కొంచెం మెల్లగా.

కొన్నాళ్లకు కొత్త ఏర్పాటు వచ్చింది. రోగికి ఒక నంబరు ఇస్తాం. ఆ మనిషి వనపర్తి పోయినా, నాగర్‌కర్నూల్ పోయినా అక్కడ ఆ నంబరు కొట్టి, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెబితే ఇక్కడి వివరాలు అక్కడి తెర మీదికి వస్తాయి. శిక్షణలో విన్నదంతా నేను గొప్పగా ఏకరువు పెట్టాను. ఇక చీటీలు, ఫైళ్లు, ప్లాస్టర్ ముక్కలు అక్కర్లేదని కూడా అన్నాను. ఆమె అంతా విని, “అన్నీ వస్తయంటవ్. అన్నీ అంటే ఏమేమి?” అని అడిగింది. శిక్షణలో అది చెప్పలేదు. “పోయి చూస్తే తెలుస్తది తియ్” అంది.

మరుసటి వారం తన సెలవు రోజున ఆమె రోగిలా వచ్చి వరుసలో నిలబడింది. నా ముందుకు వచ్చి “నన్ను ఎక్కియ్” అంది. వెనక జనం గేటు దాకా ఉన్నారు. నవ్వుకుంటూ గబగబా ఎక్కించి నంబరు ఇచ్చాను. ఆమె వనపర్తి బస్సెక్కింది. అక్కడ ఒక దవాఖానలో చూపించుకుని, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ పోయి ఇంకొక దవాఖానలో చూపించుకుంది. ఒక ముసలామె, జబ్బు లేకుండా, తన గురించి ఏ ఊరికి ఎంత తెలుసో చూసి రావడానికి రోజంతా బస్సుల్లో తిరిగిందన్నమాట.

మర్నాడు రెండు కాగితాలు నా ముందు పెట్టింది. వనపర్తి కాగితం మీద “పడని మందులు: లేవు” అని ఉంది. నాగర్‌కర్నూల్ కాగితం మీద అదే గడి ఖాళీగా ఉంది.

“నాకు ఒక సూది పడదు బిడ్డా. ట్రైనింగ్‌ల ఉన్నప్పుడు అది ఇస్తే గొంతు మూసుకపోయింది. సావు దాకా పోయొచ్చిన. మరి లేవని ఎవలు రాసిండ్రు?”

రాసింది నేనే. మా కంప్యూటర్లో ‘ఏదైనా మందు పడదా?’ అనే ప్రశ్నకు ‘ఉంది’, ‘లేదు’ అని రెండే గడులు. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు పోదు. మొదట్లో అందరినీ అడిగేదాన్ని. ఒకామె వంకాయ పడదంటుంది, ఇంకొకాయన చల్ల పడదంటాడు, ఆ లోపల వెనకవాళ్లు గొణుగుతారు. మెల్లగా అడగడం మానేశాను. ‘లేదు’ నొక్కి ముందుకు పోవడం చేతికి అలవాటైపోయింది. సిస్టరమ్మనూ అడగలేదు. అన్నేళ్లు ఆమె పక్కన పనిచేసి కూడా నాకు ఆ సంగతి తెలియదు.

తిడుతుందనుకున్నాను. ఆమెకేమో తిట్టడం కంటే వింత తెలుసుకోవడం మీదే ధ్యాస. స్టూలు దగ్గరికి లాక్కుంది. “వనపర్తి డాక్టరు తెర చూసిండు, లేవని ఉన్నది, ఇగ నన్ను అడగలే. నాగర్‌కర్నూల్ డాక్టరు తెర చూసిండు, ఏం లేదాడ. అమ్మా, నీకు ఏ మందన్న పడదా అని నన్నే అడిగిండు. గమ్మతి చూసినవా? మన మాట అందిన కాడ అడగలే, అందని కాడ అడిగిండ్రు. గట్లెందుకైతది?”

నాకూ కుతూహలం పుట్టింది. మాకు కంప్యూటర్లు పెట్టిన కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లు చెప్పారు. వనపర్తిలోదీ మాలాంటి ఏర్పాటే కాబట్టి మా ‘లేదు’ అక్కడికి ‘లేదు’గానే పోయింది. నాగర్‌కర్నూల్‌లో వాడేది వేరే కంపెనీది. దాని గడులు వేరు, మా గడిని అది గుర్తుపట్టక ఖాళీగా వదిలేసింది. సిస్టరమ్మ శ్రద్ధగా విని, “అంటే నువ్వు అడగలేదన్న సంగతి ఏ ఊరికీ పోలే” అంది. నేను తల వంచుకున్నాను. అప్పుడే ఇంకో మాట అడిగింది. “ఇంకెందరికి గిట్ల కొట్టినవ్ బిడ్డా?”

ముందుగా, ఆ వారం మేము బయటికి పంపిన వాళ్ల పేర్లు తీశాం. ముందటి రోజే వనపర్తికి పంపిన శాంతమ్మ పేరు దగ్గర నా వేలు ఆగింది. మల్దకల్ వైపు పత్తి విత్తనాల చేలల్లో కూలికి పోయే మనిషి. కాలు కొడవలికి తెగి, చీము పట్టి, జ్వరంతో వచ్చింది. చీము పట్టిన గాయానికి ఎక్కువగా ఇచ్చేది సిస్టరమ్మకు పడని సూదే. ముందటి రోజు సిస్టరమ్మ సెలవులో ఉంది కాబట్టి శాంతమ్మ మణికట్టుకు ప్లాస్టర్ ముక్క కూడా లేదు. ఆమెను నేను అడిగానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తెర మీద మాత్రం ‘లేదు’ అని ఉంది.

రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాం. అది శాంతమ్మది కాదు, కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీది. ఓటీపీ కూడా అతనికే వచ్చిందట, అతనే చదివి చెప్పాడట. “ఏంది, ఆమెకేమైంది? పెద్ద జబ్బా?” అని ఆరా మొదలుపెట్టాడు. “అది నీకెందుకయ్యా, ఆమె పెనిమిటి నంబరియ్యి” అని సిస్టరమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

ఆ నంబరుకు చేస్తే, శాంతమ్మ భర్త వనపర్తి వార్డులోనే ఉన్నాడు. “తమ్మీ, నీ భార్యకు ఎన్నడన్న సూదిస్తే దద్దుర్లు లేసినయా? ఊపిరాడకుండ అయిందా?” అని అడిగింది. అతను ఆలోచించలేదు. “అయింది సిస్టరమ్మా. అయిజల ఒకపారి సూదిస్తే మూతంత వాచింది, కింద పడిపోయింది. బతకదన్నరు.”

“ఇయ్యాల సూదిచ్చిండ్రా?”

“ఇంకా ఇయ్యలే. గీ సిస్టర్ తెస్తనే ఉన్నది.”

“ఫోన్ ఆమెకియ్యి. ఉర్కు.”

అవతలి నర్సు గొంతు నాకూ వినిపించింది, “మా తెరల లేదని ఉన్నదమ్మా” అంటోంది. సిస్టరమ్మ నా వైపు చూడకుండానే చెప్పింది. “ఆ లేదు మేం రాసింది తల్లీ. అడగకుండ రాసినం. తప్పు మాది. ఆ సూది పక్కకు వెట్టి డాక్టర్ను పిలువు.” మాది అంది. నీది అనలేదు, ఆ తర్వాత కూడా ఏనాడూ అనలేదు. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను.

డాక్టరు మందు మార్చారు. అయిజలో పడనిదీ ఆ సూదేనని తర్వాత తేలింది. నాలుగు రోజులకు శాంతమ్మ కుంటుకుంటూ మా దవాఖానకు వచ్చింది. సిస్టరమ్మ ఆ సూది మందు పేరు చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు ఆమెతో పదిసార్లు పలికించింది. అప్పటికి శాంతమ్మ సొంతంగా చిన్న ఫోను కొనుక్కుంది. దాని వెనక సిస్టరమ్మ ప్లాస్టర్ అంటించి ఆ పేరు రాసింది. ఆ వారం నుంచి ఏ రోగినైనా ఈ ఫోన్ నంబరు మీదేనా, ఇంకెవరిదా అని కూడా అడగడం మొదలుపెట్టాం.

కంప్యూటర్ల కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు ఆమె వదల్లేదు. “ఉంది అని ఒక గడి, లేదు అని ఒక గడి. ఇంకా అడగలేదు అనేదానికి గడేది సారూ?” అని వాళ్ల వెంట టీ బండి దాకా పోయింది. అది పెట్టినా అవతలి ఊళ్లలో ఖాళీగా కనిపిస్తుందని వాళ్లు సందేహించారు. “కనవడనియ్యిండ్రి. ఖాళీ చూస్తే అడుగుతరు” అంది. చాలా నెలలు పట్టింది కానీ మూడో గడి వచ్చింది. ఆ రోజు ఆమె నా తెర అంచున ఒక ముక్క అంటించింది. “అడిగినవా?” అని దాని మీద రాసింది.

పోయినేడు రిటైరై నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గరికి పోయింది. గుండెకు మందులు మాత్రం మా దవాఖాన నుంచే, నెలనెలా వచ్చి తీసుకునేది. వచ్చినప్పుడల్లా నా కౌంటర్లో స్టూలు వేసుకుని, కొత్తగా ఏమేం వచ్చాయో అడిగేది. ఇక రాదని రాయడానికే చెయ్యి ఆడటం లేదు.

గురువారం అయిజ దగ్గర వాళ్ల ఊళ్లో మట్టి చేశారు. ఫాదర్ ప్రార్థన చదువుతుండగా కూతురి చేతిలోని సిస్టరమ్మ ఫోను మోగింది. మెసేజ్ మా దవాఖాన నుంచే. ఎల్లుండి మీరు డాక్టరును కలవాల్సి ఉంది, మరవకండి అని. నాగర్‌కర్నూల్‌కు తెలిసింది గద్వాలకు ఇంకా అందలేదు. కూతురు అది నాకు చూపించి, ఏడుస్తూనే నవ్వింది. “అమ్మ ఉంటే, గిది ఎందుకైతదో చూద్దాం పా అంటుండె” అంది.

అందరూ కదులుతున్నప్పుడు ఎవరో నా భుజం తట్టారు. శాంతమ్మ. ఫోను తిప్పి చూపించింది. వెనకనున్న ప్లాస్టర్ మాసి, అక్షరాలు చెరిగిపోయాయి. “సిస్టరమ్మతోని మళ్ల రాయించుకుందామనుకున్న. నువ్వు రాస్తవా అక్కా?” అంది. నా దగ్గర ప్లాస్టర్ లేదు. కూతురు దవాఖాన నుంచి తెచ్చిన తల్లి సంచి విప్పి, సగం అయిపోయిన చుట్ట, బాల్‌పెన్ను నా చేతిలో పెట్టింది.

ముక్క చింపి, రాయబోయి ఆగాను.

“నీకు ఏ సూది పడదు శాంతమ్మా?”

“నీకు తెల్సు గదక్కా.”

“తెల్సు. అయినా నువ్వు చెప్పు.”

ఆమె నిటారుగా నిలబడి, సిస్టరమ్మ నేర్పిన పేరును ఒక్క అక్షరం తప్పు పోకుండా చెప్పింది. రాశాను. పాత ముక్క పీకబోతే చెయ్యి అడ్డం పెట్టి, “అది ఉండనీయక్కా” అంది. కొత్తదాన్ని దాని కిందనే అంటించాను.