ఎక్కడ వెతికిందో చెప్పాలన్న నా కోడలు

నా పేరు వెంకమ్మ. డెబ్బై దాటాయి. గుండుగొలను అవతల, కొల్లేరు పక్కన చేపల చెరువులు చేసుకునే ఇల్లు మాది. నేను, కొడుకు, కోడలు. పోయిన నెల ఏలూరు ఆసుపత్రిలో జ్వరంతో నా కోడలు పోయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆమె స్నేహితురాలు లావణ్య రాస్తోంది.

కోడలిది కంప్యూటర్ పని. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఒకటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. అందులో అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పే హెల్త్ చెక్ ఉందట.

"కంప్యూటర్‌కి బీపీ కూడా చూస్తారటే?" అని వెక్కిరించాను.

"చూస్తారండీ అత్తయ్యగారూ. కానీ మన ఆరెంపీ గారి టైపు. ఒంట్లో బాలేదంటుంది, ఎక్కడో చెప్పదు."

ఒక్కో పనికి పైథాన్ అనే కంప్యూటర్ భాషను విడిగా పెట్టుకునే గదిని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. తాడేపల్లిగూడెంలో ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు ఆ గదిని ఉన్నపళంగా వేరే కంప్యూటర్లోకి ఎత్తుకొచ్చేవారు. లోపలన్నీ పాత చోటు దారులే, పనిచేసేది కాదు. హెల్త్ చెక్ తప్పుందని మాత్రం చెప్పి ఊరుకునేది. తమకే చేతకాలేదని పిల్లలు ఏడ్చేవారు.

"చేపపిల్లల్ని మారుస్తాం గానీ చెరువుని ఎత్తుకుపోతామా అండీ? ఎక్కడ వెతికిందో, ఏం దొరకలేదో, ఇప్పుడేం చేయాలో చెప్పాలి" అనేది కోడలు. సెలైన్ ఎక్కుతున్నప్పుడూ అదే ధ్యాస. "అలా చెప్పేలా నేను రాసిన మార్పు ఎడిటర్ వాళ్లకి ఇంకా పంపలేదండీ" అంది.

దినం అయ్యాక కొడుకు ఆమె కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేస్తానన్నాడు. "చూడలేకపోతున్నానమ్మా."

"చూడకు. అటు తిరిగి కూర్చో. పిల్ల పని బయటికి వెళ్లకుండా దానిమీద చెయ్యేశావో, ఆ చెయ్యి విరగ్గొడతాను" అన్నాను.

లావణ్య వచ్చి, అలా ఎత్తుకొచ్చిన గది ఒకటి పెట్టి హెల్త్ చెక్ నడిపింది. తెరమీద కోడలు ఇంగ్లీషులో రాసిన మాటలు వచ్చాయి. అటు తిరిగిన కొడుకే ఇటు తిరిగి, తెలుగులో చెప్పాడు: "ఈ గదిలో వెతికాను. ఇది పాత చోటు పైథాన్‌ను చూపిస్తోంది, అక్కడేమీ లేదు. మీకు చేతకాక కాదు. గదిని మళ్లీ కొత్తగా కట్టుకోండి."

"'చేతకాక కాదు' అన్న ముక్క వాళ్లు తీసేయమంటారేమో అమ్మమ్మగారూ" అంది లావణ్య, పంపుతూ.

ఎడిటర్ చూసుకునే బాబుల్లారా, అమ్మల్లారా, నేను ఇది రాయిస్తున్నది అందుకే. మిగతాది మీ ఇష్టం. ఆ ముక్క మాత్రం తీయకండి. ఏడ్చే పిల్లలకి చెప్పడానికి మా పిల్ల ఇక లేదు.

ఇదిగో నా వేలిముద్ర. సాక్షులు లావణ్య, నా కొడుకు ఏడుకొండలు. వాడు ఒక చేత్తో సంతకం పెడుతున్నాడు. ఆ తెర ఆరిపోకుండా రెండో చేతి వేలు మీట మీదే ఉంచాడు.