మిరప చేతులు

మా అబ్బాయికి రెండో ఏడు నిండగానే పిల్లికూతలు మొదలయ్యాయి. వాడు పడుకుంటే ఛాతీలో ఎవరో పాత తలుపు తీసి వేస్తున్నట్టుండేది. చిలకలూరిపేటలో పిల్లల డాక్టరుగారు విని, "దుమ్ముకీ పొగకీ ఘాటుకీ దూరంగా ఉంచండమ్మా," అన్నారు.

"ఎంత దూరమండీ?"

"ఎంత కుదిరితే అంత."

బస్సులో వస్తూ కిటికీలోంచి చూశాను. రోడ్డుకి అటు మిరప, ఇటు మిరప, మధ్యలో ఖాళీ ఉందనుకుంటే పత్తి. మా ఇంటి ముందు కళ్ళంలో పంటంతా ఎర్రగా ఆరుతోంది. దూరంగా ఉంచాలంటే పిల్లాణ్ణి డాబా మీద పెంచాలి. అక్కడ మా అత్తగారు విత్తనం కాయలు ఆరబోశారు.

పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా నాకు కళ్ళంలోనే పని, తెల్లబడిన తాలుకాయలు ఏరడం. ఆ మంట చేతికి పట్టిందంటే సబ్బుకి పోదు, మజ్జిగకి పోదు, కొబ్బరినూనెకి అసలే పోదు. ఒకసారి మరిచిపోయి వాడి ముక్కు తుడిచాను. వాడు పెట్టిన కేకలకి పక్కింటి పిన్ని పరిగెత్తుకొచ్చింది.

"అంత చిన్నపిల్లాణ్ణి కొట్టావా ఏంటే?"

"లేదు పిన్నీ. ముక్కు తుడిచాను."

అప్పట్నుంచి నా చెయ్యి కనబడితే వాడు తల పక్కకి తిప్పేసేవాడు. ఇక మందు పట్టడమంటే పెద్ద యుద్ధం. సీసాలో మూడొంతులు నా జాకెట్టే తాగింది. దానికి మాత్రం ఆ ఏడాదంతా ఒక్క దగ్గు రాలేదు.

మా అత్తగారి వైద్యం వేరు. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పెట్లో పట్టి, పిల్లాడి చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసేవారు. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఏడాది పొడుగునా మిరపకాయల్లో బతికే మా ముక్కులకి నాలుగు కాయల పొగ ఏం తెలుస్తుంది? ప్రతిసారీ అదే తీర్పు.

"చూశావా అమ్మాయ్, ఒక్కరికి తుమ్ము రాలా. ఎంత దిష్టో!"

"వాడు దగ్గుతున్నాడుగా అత్తయ్యా."

"దిష్టి పోతుంటే దగ్గడా మరి?"

ఇంట్లో పనిచేసే ముక్కు వాడిదొక్కటే. దాని సాక్ష్యం మాత్రం చెల్లదు.

"పోనీ ఉప్పొక్కటే తిప్పండి."

"ఉప్పొక్కటే వేస్తే దిష్టెట్టా పోద్దే? పప్పులో వేసుకోనా?"

కాయలు బస్తాలకెత్తిన రోజు మా ఆయన మొదటి లోడుతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళారు. మధ్యాహ్నానికి కళ్ళమంతా ఎర్ర దుమ్ము. తలుపులన్నీ మూసినా దుమ్ముకి దారి తెలుసు. పిల్లాడి డొక్కలు లోపలికి పీక్కుపోవడం మొదలైంది. నేను మందు సీసా కోసం పక్క గదిలోకి వెళ్ళి వచ్చేసరికి గదినిండా పొగ. భయపడి అత్తగారు ఈసారి రెండు గుప్పెళ్ళు వేశారు. వాడు దగ్గడం లేదు. దగ్గడానికి ఊపిరుంటేగా. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

వాణ్ణి భుజాన వేసుకుని హైవే మీదికి పరిగెత్తాను. అత్తగారు చెప్పులైనా లేకుండా వెనకే వచ్చారు. మార్టూరు నుంచి గ్రానైట్ రాళ్ళు మోసుకొస్తున్న లారీ ఆగింది. పాపం డ్రైవరు తొక్కాల్సినంతా తొక్కాడు. ఆ బండికంటే మా వాడి ఊపిరే వేగంగా నడుస్తోంది.

చిలకలూరిపేట ఆసుపత్రిలో మూతికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. చాలాసేపటికి డొక్కలు కాస్త నెమ్మదించాయి.

"ఇంట్లో పొగేమైనా పెట్టారా?" డాక్టరుగారు అడిగారు.

అత్తగారు తన కాళ్ళకేసి చూసుకుంటున్నారు. తారురోడ్డుకి పాదాలు బొబ్బలెక్కాయి.

"కాయలు బస్తాలకెత్తుతున్నామండీ. దుమ్ము," అన్నాను.

ఆయన వెళ్ళాక పిల్లాడి కళ్ళల్లోంచి నీళ్ళు కారి మాస్కు అంచున చేరాయి. తుడవబోయాను. వాడు తల తిప్పేశాడు.

"వద్దమ్మా. మంట. నేనే."

కూడబెట్టుకున్న కాస్త ఊపిరీ ఆ మాటలకే ఖర్చుపెట్టి, చొక్కా చేతికి కళ్ళు రుద్దుకున్నాడు.

"ఏడవమాక," అన్నారు అత్తగారు. వాడితో కాదు, నాతో. తన కొంగుతో నా కళ్ళు తుడిచారు. పొద్దుట్నుంచీ కళ్ళంలో తిరిగిన కొంగది. నా కళ్ళు భగ్గుమన్నాయి. అదే కొంగుతో ఆవిడా తుడుచుకున్నారు.

"మంటా అత్తయ్యా?"

"మంటేనే."

వాడు మా ఇద్దరి చేతులూ అందనంత దూరానికి, మంచం అవతలి అంచుకి జరిగి పడుకున్నాడు. ఇంటిదగ్గర కళ్ళంలో ఇంకా సగం కాయ ఉంది.