కిటికీ పక్క సీటు

సత్యవేడు నుంచి తిరుపతి వెళ్ళే బస్సులో జనం నిలబడి ఉన్నారు. ముగ్గురు కూర్చునే సీటులో మాత్రం యాభై దాటిన ఆవిడ ఒకతే, మధ్యలో కూర్చుని ఉంది. కిటికీ వైపు జరగమన్నాను.

“ఆడ మా పాప కూసోనుండాది. నువ్వు ఈ పక్క కూసోమ్మా.”

కిటికీ పక్కన ఎవరూ లేరు. ఇవతలి చివర కూర్చున్నాను.

“నీకు పిల్లోళ్ళెంతమంది?” అని అడిగింది. పెళ్ళయి పదకొండేళ్ళు దాటినా లేరన్నాను.

“నాకూ పుట్టలేదు. ఎదురుసూసి ఎదురుసూసి, ఒగ దినం ఇంక సాలనుకున్నా. ఆ సాయంత్రమే ఇది వచ్చి నా పక్కన కూసునింది. అప్పుడు దీనికి నాలుగేండ్లు. ఇప్పుడూ నాలుగే.”

ఆవిడ గొంతులో దిగులన్నదే లేదు.

పుత్తూరులో దిగింది. ఒక చేయి కిందికి చాచి, చిన్న అడుగుల కోసం ఆగుతున్నట్టు మెల్లగా నడిచిపోయింది. నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ ఆ కిటికీ సీట్లో కూర్చోలేదు. నేనూ జరగలేదు.

బిడ్డ కోసం నెలనెలా క్యాలెండర్‌లో తేదీలకు గుర్తు పెట్టుకునేదాన్ని. ఆ నెల నేనూ ఇంక చాలనుకుని పెట్టలేదు. అత్త అడిగితే మరిచిపోయానన్నాను. మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు.