మూడు గంటలకు తెర

మా తెలుగు నాటక సమాజం హాలు కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉంది. అయినా అమ్మ ఒక్క నాటకమూ చివరిదాకా చూడలేదు. ఆమె కార్పొరేషన్‌లో వీధులు ఊడుస్తుంది. తెల్లవారకముందే చీపురు పట్టుకోవాలి. మా నాటకాలకు తెర లేచేది రాత్రి తొమ్మిదికి. నాటకంలో రాజు సభలోకి వచ్చేసరికి అమ్మ గోడకు తల ఆన్చి నిద్రపోయేది.

వాడలో సగంమంది ఆడవాళ్లది అదే పని. హాలు ఖాళీ అవుతోందని కమిటీ పెద్దలు మాత్రం టీవీని, ఫోన్లను, తెలుగు పుస్తకం ముట్టని మా ఈడు పిల్లల్ని తిట్టేవారు. నేను దొంగచాటుగా తెలుగు పుస్తకాలు చదువుతానని వాళ్లకు తెలియదు.

ఈసారి సీజను ప్రోగ్రాం రాసే పని నాకిచ్చారు.

"ఈ గుంటకి నోరు లేదు. సెప్పింది రాస్తాది" అన్నాడు అధ్యక్షుడు. రేవులో పనిచేసి రిటైరైన మనిషి. వాడంతా ఆయన్ని పెదనాన్న అంటుంది.

నేను వాళ్లు చెప్పింది రాయలేదు. ఆ సీజను మూడు నాటకాలూ ఒక్కో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు పెట్టాను. పక్క సందు బెంగాలీవాళ్లు కూడా కూర్చునేలా, ప్రతి రంగం ముందూ కథను వాళ్ల భాషలో రెండు ముక్కలు చెప్పాలని రాశాను.

కమిటీలో నవ్వులు లేచాయి.

"ఏటే ఇది? పట్టపగలు మొకానికి రంగేస్తే రాజులాగుంటాడా, పగటేషగాడిలాగుంటాడా?" అన్నాడు పెదనాన్న.

"పగటేషగాడొస్తే జనం ఈధిలోకొచ్చి మరీ సూస్తారు గదా, పెదనాన్నా."

"ఊళ్లో మన తాతలు రాత్రే ఆడేరు."

"ఆళ్లు పగలంతా పొలంలో ఉండేవోళ్లు. మా అమ్మోళ్లకి ఇక్కడ నిద్దరకి రాత్రొకటే ఉంది."

కార్యదర్శి కలగజేసుకున్నాడు. "ఆదివారం మజ్జానం మాంసం తిని తొంగుంటాం గదమ్మా!"

"తొంగోండి. ఈ టైము మీకోసం పెట్టలేదు."



"అయితే బెంగాలీలో ఎవులు సెప్తారు?" అన్నాడు పెదనాన్న.

"నేనే."

"నువ్వా! సరే, ఒక్క ఆట సూద్దాం. తెర ముందు నీ నోరు పెగలకపోతే మల్లా రాత్రికే."

ఆ ఆదివారం ఆడవాళ్లు తడి జుట్లతో, ఒలవడానికి చెంగుల్లో బఠాణీకాయలతో వచ్చారు. కిటికీల్లోంచి పడే ఎండకు రాజు బుగ్గల రంగు నిజంగానే ఎబ్బెట్టుగా ఉంది. బెంగాలీవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నేను తెర ముందుకొచ్చాను. మాట రాలేదు. వెనకనుంచి రాజు "సెప్పవే!" అని గొణిగాడు. ముందు వరసలో అమ్మ కళ్లు విప్పుకుని కూర్చుని ఉంది. చెప్పాను. గుమ్మం దగ్గరివాళ్లు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

రాజు రాజ్యం వదిలి అడవికి బయల్దేరితే ఒకామె అరిచింది. "ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో సూసి ఎల్లు, నాయనా!" పెద్దలు "ఉష్!" అని కసిరారు. రాజే నవ్వేశాడు.

తెర పడ్డాక అమ్మ ఇంకా చెంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "సివరికి సచ్చిపోతాడేటే! ఇన్నేళ్లూ బతికే ఉంటాడనుకున్నాను."

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "బాగానే ఉంది గాని, ఆనవాయితీ ఒకటుంది గదా. రెండోది రాత్రికి మారుద్దాం."

"పోగ్రాం కాయితం కుళాయి కాడ అంటించేసేను పెదనాన్నా. సదువు రానోళ్లకి మూడు గంటల గడియారం బొమ్మ కూడా గీసేను."

"సింపేస్తే పోద్ది."

"సింపు. నీళ్లకి వరసలో ఆడోళ్లుంటారు. ఆళ్లనడిగి సింపు."