తలుపుకి అవతల కండక్టరమ్మ

మా అత్తగారు బస్సు దిగి చాలాకాలమైంది గానీ, బస్సు మాత్రం ఆవిడ నోట్లోంచి ఇంకా దిగలేదు. వంటింట్లో ఎదురుపడితే "జరగాలి, జరగాలి" అంటారు. నేను గుమ్మంలో నిలబడి ఫోన్లో మాట్లాడుతుంటే "ఫుట్‌బోర్డు మీద నిలబడకూడదు అల్లుడు గారూ, లోపలికి రండి" అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ సిటీ బస్సులో కండక్టరు. వీధిలో అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. కోపం వచ్చినప్పుడు నేనూ మనసులో అలాగే అనుకుంటాను. నాకు ఆవిడ మీద కోపం తరచుగానే వస్తుంది, ఆవిడకి నా మీద అంతకన్నా తరచుగా వస్తుంది. అందుకే మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆవిడ మా దగ్గరికి వచ్చింది మనవడి కోసం. వాడికి ఈమధ్యే రెండేళ్లు నిండాయి. పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అందరం పిడుగు అనే అంటాం. నా భార్య కంటి ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తుంది. నేను లిఫ్టులు బాగుచేస్తాను. పొద్దున్నే మేమిద్దరం వెళ్లిపోతే సాయంత్రం దాకా మూడో అంతస్తులోని ఆ ఇంట్లో వాడూ ఆవిడే. వాడు ఒకచోట కూర్చునే ఘటం కాదు. బొమ్మ కొనిస్తే దాన్ని అవతల పారేసి అట్టపెట్టెతో ఆడతాడు. చెప్పులు తీసుకెళ్లి నీళ్ల బకెట్లో వేస్తాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే ఏదో కొంప ముంచుతున్నాడని అర్థం. పోనీ టీవీ పెట్టి కూర్చోబెట్టండి అంటే ఆవిడ ఒప్పుకోరు. "పిల్లాణ్ణి గోడకి అతికించడానికా నన్ను రమ్మన్నది?" అంటారు.

అందుకని హాల్లో బస్సు కట్టారు. ఉన్న కుర్చీలూ స్టూళ్లూ అన్నీ వరసగా పేర్చారు. ముందు కుర్చీ బాల్కనీ తలుపుకి ఆనుకుని ఉంటుంది, అది డ్రైవరు సీటు. చివరి స్టూలు పడగ్గది గోడ దగ్గర. డ్రైవరు పిడుగు, స్టీరింగు ఒక స్టీలు పళ్లెం. ప్రయాణికులు చెవి ఊడిన ఎలుగుబంటీ, రెండు గిన్నెలూ, ముసలాయన అని పిలిచే ఒక దిండూ. పాత క్యాలెండరు చింపి అందరికీ టికెట్లు కొట్టేవారు. దిండు దగ్గర చిల్లర లేదని రోజూ పెద్ద గొడవ జరిగేది. ఆ గొడవకి పిడుగు పడీపడీ నవ్వేవాడు.

ఆ బస్సుకి ఒక కట్టుబాటు ఉండేది. మా అత్తగారి సర్వీసులో తలుపు తెరిచి ఉండగా బస్సు కదిలింది లేదు. అది ఆవిడ పంతం. ఇంట్లో కట్టిన బస్సుకీ అదే పంతం పెట్టారు.

"తలుపు పడిందా?"

"పలింది!"

"గడియ పడిందా?"

"పలింది!"

"రైట్ రైట్!"

బాల్కనీ తలుపే బస్సు తలుపు. కింది సగం చెక్క, పై సగం అద్దం. కింది గడియ పొడుగాటి ఇనప కడ్డీ. దాని పిడి పెద్దవాళ్లకి మోకాలి ఎత్తున ఉంటుంది, అంటే సరిగ్గా పిడుగు చేతికందేంత. అంతకుముందు వాడు తలుపు తెరిచి ఉంటే చాలు, బాల్కనీలోకి పరిగెత్తి కమ్మీలెక్కేవాడు. బెదిరించినా, బతిమాలినా మానలేదు. తలుపు మూసి గడియ వేసే ఉద్యోగం వాడికిచ్చాక బాల్కనీ వైపు వెళ్లడమే మానేశాడు. "అత్తగారూ, రెండేళ్లకే ఉద్యోగం వేయించారు, ఇక పెళ్లొకటే తరువాయి" అన్నాను నేను. గడియ వేయడం మాత్రమే వాడికి నేర్పారు. తీయడం ఎప్పుడూ ఆవిడే. తీయడం కూడా వస్తే వాడు మళ్లీ కమ్మీల మీదే తేలతాడని ఆవిడ భయం. అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తోచదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. బస్సు అప్పటికే రెండు మూడు సార్లు ఊరంతా చుట్టి వచ్చింది. మా అత్తగారు పాలు పొయ్యి మీద పెట్టారు. ఇంతలో గాలి తిరిగి జల్లు బాల్కనీలోకి కొట్టడం మొదలైంది. ఆరేసిన బట్టలు తడిసిపోతాయని ఆవిడ డ్రైవరు సీటు కొంచెం పక్కకి జరిపి, తలుపు తీసుకుని, పరుగున వెళ్లారు. బట్టలు ఒడిసి పట్టుకుని వెనక్కి తిరిగేలోగా తలుపు పడింది.

"పలింది!" అని లోపల్నుంచి కేక. ఆ వెంటనే టక్కున గడియ. "లైట్ లైట్!"

ఆవిడకి ముందు నవ్వొచ్చిందట. "ఓరి నా డ్రైవరూ, కండక్టర్ని వదిలేసి పోతావుట్రా?" అన్నారట అద్దంలోంచి చూస్తూ. అప్పుడు పొయ్యి గుర్తొచ్చింది. వీధి తలుపుకి కూడా లోపలి నుంచి పై గొళ్లెం పెట్టి ఉంది, పిడుగు మెట్ల మీదికి పోకుండా. ఫోను వంటింట్లో ఉంది.

"నాన్నా, స్టాపొచ్చింది. గడియ తియ్యి. పైకి, పైకి లాగు."

వాడు కుర్చీ దిగి, పిడి పట్టుకుని, బలమంతా పెట్టి ఇంకా కిందికి నొక్కాడు. నొక్కి, మెచ్చుకుంటుందని అమ్మమ్మ మొహంలోకి చూశాడు.

వంటింటి గుమ్మం హాలు మధ్యలో ఉంటుంది. అద్దంలోంచి చూస్తే పొయ్యి సగం కనిపిస్తుంది. పాలు గిన్నె అంచు దాటి పొంగడం, బర్నరు మీద పడడం, నీలం మంట ఒక్కసారి లేచి ఆరిపోవడం ఆవిడ నిలబడి చూశారు. మంట ఆరింది గానీ గ్యాసు ఆగదు కదా. కాసేపటికి తలుపు కింది సందులోంచి ఆ వాసన రానే వచ్చింది.

పొయ్యి పక్కనే గట్టు మీద లైటరు ఉంది. టిక్కు టిక్కుమని నొక్కే లైటరంటే పిడుగుకి ప్రాణం. ఎంత దాచినా వెతికి పట్టుకుని నొక్కుతాడు. గట్టు అందకపోతే స్టూలు ఈడ్చుకెళ్తాడు. స్టూళ్లు బస్సులోనే ఉన్నాయి, కావలసినన్ని.

సరిగ్గా అప్పుడే వంటింట్లో ఫోను మోగింది.

చేసింది నా భార్య. మధ్యాహ్నం తిండివేళ రోజూ చేస్తుంది, వాడు "అమ్మా" అంటే విని పెట్టేస్తుంది. ఫోను మోగితే ఎత్తేది పిడుగే. వాడు పళ్లెం పడేసి, సీటు దిగి, వంటింటి వైపు పరిగెత్తాడు. లైటరుకి జానెడు దూరంలో మోగుతోంది ఫోను.

తలుపు బాది "వెళ్లకు" అని అరవాలనిపించిందట ఆవిడకి. అరవలేదు. తన గొంతు మారితే వాడు బెదురుతాడు, బెదిరితే ఏడుస్తాడు, ఏడుస్తూ ఎటు పోతాడో తెలియదు. కిక్కిరిసిన బస్సులో అరిచే గొంతు తీశారు.

"చెకింగొచ్చింది! చెకింగ్! సీట్లో లేనివాళ్లని దించేస్తున్నారమ్మా!"

పిడుగు గుమ్మంలో ఆగాడు. వంటింట్లోకి ఒకసారి చూశాడు, సీటు వైపు ఒకసారి చూశాడు. చెకింగంటే వాడికి మహా భయం, సరదా కూడా. వెనక్కి ఉరికి వచ్చి సీటెక్కి పళ్లెం పట్టుకున్నాడు. ఫోను మోగీ మోగీ ఆగింది.

"తర్వాత స్టాపు పాత పోస్టాఫీసు! దిగేవాళ్లెవరు?" అంటూనే ఆవిడ బాల్కనీ కమ్మీల మీదుగా కిందికి వంగారు. కింది అంతస్తులో ఉండే డ్రిల్లు మాస్టారు వాన చూస్తూ వసారాలో నిలబడి ఉన్నారు.

"మాస్టారూ! పిల్లాడొక్కడే లోపల! గ్యాసు వదిలేసుంది! పైకి రండి, తలుపు పగలగొట్టాలి!"

"వచ్చేశా! బెల్లు కొడతానుండండి!"

"అయ్యో, బెల్లు ముట్టుకోకండి! నిప్పురవ్వ చాలు! ముందు కింద మీటరు దగ్గర మా ఇంటి కరెంటు తీసెయ్యండి, తర్వాత గునపం తెండి!"

మాస్టారు చేతిలో గొడుగు అక్కడే వదిలి పరిగెత్తారు. మాది టేకు తలుపు. కొన్నప్పుడు ఎవరూ పగలగొట్టలేరని నేను గొప్పలు కూడా చెప్పుకున్నాను.

"పెద్ద గడియారం! పెద్ద గడియారం దగ్గర దిగాలి! డ్రైవరు గారూ, హారను కొట్టండి!"

"పాం పాం!"

నెత్తి మీదినుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక్కో స్టాపుకీ వాసన పెరుగుతోంది. పిడుగు ఒకసారి ముక్కు నులుముకుని దగ్గాడు. ఆ దగ్గుతో ఆవిడకి మాస్టారు వచ్చేదాకా ఆగే ఓపిక పోయింది. అద్దం బద్దలుకొట్టాలి. కానీ వాడు కూర్చున్నది ఆ అద్దానికి ఆనుకునే. కొడితే పెంకులన్నీ వాడి మొహం మీదే పడతాయి. దూరం పంపాలంటే వంటింటి గుమ్మం దాటుకుని పోవాలి. పంపకపోతే గ్యాసు, పంపితే లైటరు.

ఫోను మళ్లీ మోగింది. మొదటిసారి ఎత్తలేదని నా భార్యకి కంగారు పుట్టి మళ్లీ చేసింది. పిడుగు తల అటు తిప్పాడు.

"జరగాలి జరగాలి!" అన్నారు మా అత్తగారు. "బస్సంతా ఖాళీగా ఉంచుకుని ముందే నిలబడితే ఎలాగమ్మా? వెనక్కి జరగాలి! డ్రైవరు గారూ, ముసలాయనకి వెనక సీటివ్వాలి. మీరే తీసుకెళ్లండి. పడిపోతాడు పాపం, రెండు చేతులతో పట్టుకోవాలి."

వాడు దిండుని కావలించుకున్నాడు. వాడికంటే దిండే పెద్దది. నడక మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. ఫోను ఇంకా మోగుతోంది.

"అమ్మ" అన్నాడు వాడు, వంటింట్లోకి చూస్తూ.

"అమ్మ వెనక సీటు దగ్గర ఎక్కుతుందట నాన్నా! సీటు పట్టు, సీటు పట్టు, ఎవరైనా కూర్చుంటారు!"

జీవితంలో మనవడికి చెప్పిన మొదటి అబద్ధం అదేనని ఆవిడ తర్వాత నాతో అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. వాడు కదిలాడు. దిండు ఈడ్చుకుంటూ పోయి, చివరి స్టూలు మీద దాన్ని పెట్టి, దాని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"చీకటొచ్చింది! సొరంగం! ముసలాయన వీపులో మొహం పెట్టు, కళ్లు మూసుకో. నేను చెప్పేదాకా తెరిచావంటే టికెట్ లేదు!"

మొహం దిండులో దూరింది. ఆవిడ బాల్కనీలోని మట్టి కుండీ ఎత్తి అద్దానికేసి కొట్టారు. మొదటి దెబ్బకి బీటవారింది, రెండో దెబ్బకి ఊడిపడింది. తడి దుప్పటి మడత పెట్టి పెంకుల అంచు మీద వేసి, దాని మీదుగా నడుం దాకా లోపలికి వంగి, చెయ్యి చాపి గడియ పిడి అందుకున్నారు. వాడు గట్టిగా నొక్కాడు కదా, ఒక పట్టాన రాలేదు. దుప్పటి జారి అద్దం ముంజేతిలో దిగింది. ఆవిడ చెయ్యి తీయలేదు. గడియ వచ్చింది.

వచ్చీ రాగానే గ్యాసు కట్టేశారు, కిటికీలన్నీ బార్లా తెరిచారు, వాణ్ణి చంకనేసుకుని వీధి తలుపు గొళ్లెం తీశారు. అవతల గునపం ఎత్తి పట్టుకుని మాస్టారు. ఆ నెత్తుటి చేతిని చూసి ఆయనే మెట్ల మీద కూలబడ్డారు. పిడుగు మాత్రం కళ్లు ఇంకా గట్టిగా మూసుకునే ఉన్నాడు, ఆవిడ తెరవమనలేదు కాబట్టి.

కబురంది నా భార్యా నేనూ ఇంచుమించు ఒకేసారి వచ్చాం. అప్పటికి మాస్టారు ఆవిడ చేతికి కట్టు కట్టించి తీసుకొచ్చారు. నా భార్య హాలంతా చూసింది, పెంకులు చూసింది. భయం కోపంగా మారడానికి రెప్పపాటు పట్టలేదు.

"నీకు అప్పగించి వెళ్తే ఇదా అమ్మా? వాడికేమైనా అయ్యుంటే? గడియ ఆట నేర్పమని ఎవరు చెప్పారు నీకు?"

నేనేదో అనబోయాను. మా అత్తగారు కళ్లతోనే నన్ను ఆపారు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి ఆ పూట అన్నీ పడ్డారు. నాకు ఏడుపొచ్చింది, నా భార్య మీద కోపమొచ్చింది. తను వాడి తల వాసన చూస్తూ గోడ దగ్గర కూలబడినప్పుడు ఆ కోపమూ పోయింది.

మర్నాడు పొద్దున్న మా అత్తగారు సంచీ సర్దుకుని కూర్చున్నారు. "నా వల్ల కాదే. పెద్దదాన్నయ్యాను. వాణ్ణి వదిలి వెళ్లడానికి ఏదైనా మంచి చోటు చూసుకోండి" అన్నారు, కూతురి మొహం చూడకుండా.

నా భార్య తల దువ్వుకుంది, చెప్పులేసుకుంది. వెళ్లబోతూ పిడుగుని తెచ్చి మా అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టింది.

"కళ్లు మూసుకోమని నేను చెప్పుంటే వాడు ఆగేవాడు కాదు, దిండులోంచి మొహం తీసి చూసేవాడు. నువ్వన్నావు కాబట్టి ఆగాడు" అంది. మెట్లు దిగింది.

నేను రెండు మెట్లు దిగి వెనక్కి చూశాను. మా అత్తగారు వాణ్ణి చంకనేసుకుని హాలు మధ్యలో నిలబడి ఉన్నారు. దించమని వాడు కాళ్లు తన్నుకుంటున్నాడు.

"దించండి అత్తగారూ, చెయ్యి నొప్పెడుతుంది."

"ఈ పూటకి దించలేను బాబూ" అన్నారు.

సాయంత్రం మేం వచ్చేసరికి వాడు ఆవిడ భుజం మీద నిద్రపోతున్నాడు. ఆవిడ ఇంకా నిలబడే ఉన్నారు.